ఫ్రెంచి యుద్ధ చరిత్రను ఏ రాజుతో మొదలుపెట్టాలి?

1525లో పావియా దగ్గర ఫ్రాన్సు రాజును ఓడించి బందీగా పట్టుకున్నవి ఐదో ఛార్లెస్ సేనలు. అంతకు నూట యాభై ఏళ్ల ముందు, ఇంగ్లీషువారు గుంజుకున్న ఊళ్లను ఒక్కొక్కటిగా రాబట్టి ఫ్రాన్సును నిలబెట్టినవాడి పేరు కూడా ఐదో ఛార్లెసే. ఒకరు స్పెయిన్‌నూ జర్మన్ సామ్రాజ్యాన్నీ కలిపి ఏలిన చక్రవర్తి, మరొకరు ఫ్రాన్సు రాజు. పుస్తకం తెరిచిన మొదటి వారంలోనే ఈ పేర్ల దగ్గర తడబడి మూసేసినవారు నాకు చాలామంది తెలుసు. వెయ్యేళ్ల చరిత్రను వరుసగా మొదటి నుంచి చదవాలనుకుంటే అలాగే జరుగుతుంది. ఒక రాజును ఎంచుకుని, ఆయన కాలం గుమ్మంలోంచి లోపలికి వెళ్లి, అక్కడి నుంచి వెనక్కీ ముందుకీ నడవడం మేలు.

నేను నెపోలియన్‌తో మొదలుపెట్టాను. ఆస్టర్లిట్జ్ యుద్ధం చదివి రెండు రోజులు దాని గురించే ఆలోచించాను. కానీ అంత గొప్ప సైన్యం ఎక్కడి నుంచి వచ్చింది, దాని ఫిరంగులను ఎవరు తయారుచేయించారు అన్న ప్రశ్నలకు ఆ పుస్తకంలో జవాబు దొరకలేదు. వెతుక్కుంటూ వెనక్కి వెళితే 15వ లూయీ దగ్గర తేలాను. ఆయన సైన్యం వెంట నడిస్తే ఎదురుగా బొబ్బిలి కోట కనిపించింది. ముందే ఎవరైనా చెప్పి ఉంటే రెండేళ్లు కలిసివచ్చేవి. ఆ మాట ఇప్పుడు మీకు చెబుతున్నాను.

## ఎంచుకునే ముందు ఏం చూడాలి

అన్నిటికన్నా ముందు జీతం. సైనికుడికి జీతం, బత్తెం ఎవరిచ్చారు, ఆ డబ్బు ఏ పన్నులోంచి వచ్చింది, అప్పుగా తెచ్చినదైతే ఎవరి దగ్గర తెచ్చారు? ఇది తేటగా కనిపించే కాలమైతే యుద్ధాలన్నీ అర్థమవుతాయి. కనిపించకపోతే శౌర్యగాథలే మిగులుతాయి.

రెండోది వరస. ఐరోపా రాజులందరూ ఒకరికొకరు చుట్టాలు. ఇంగ్లీషు పుస్తకాలు 'కజిన్' అన్న ఒక్క మాటతో సరిపెట్టే చోట మనకు మేనమామ కొడుకు, పిన్ని కొడుకు, బావమరిది, తోడల్లుడు అని వేర్వేరు మాటలున్నాయి. రాజు పేరు పక్కన అంకెకు బదులు వరస రాసుకుంటే ఎవరు ఎందుకు ఏ సింహాసనం అడిగారో చప్పున తెలుస్తుంది. ఇది తెలుగు పాఠకుడికి ఉన్న అసలైన సౌలభ్యం. దీన్ని వాడుకోండి.

మూడోది, ఆ కాలంలో ఓటమి కూడా ఉందా అన్నది. వెర్సాయ్ రాజభవనంలో 1837లో లూయీ ఫిలిప్ తెరిచిన యుద్ధాల చిత్రశాల ఒకటి ఉంది. 496 నాటి టోల్బియాక్ నుంచి 1809 నాటి వాగ్రామ్ వరకు 33 పెద్ద చిత్రాలు, అన్నీ విజయాలే. అందులో పావియా లేదు, 1757లో ఫ్రెంచి సేన జర్మనీలో ఓడిన రాస్‌బాఖ్ లేదు. ఒక రాజ్యం లోపలి బొమికలు ఓడినప్పుడే బయటపడతాయి కాబట్టి, విజయాలు మాత్రమే ఉన్న కాలాన్ని మొదటి గుమ్మంగా నేను సూచించను.

ఇక నాలుగోది, చూడడానికీ తాకడానికీ నేల మీద ఏం మిగిలింది అన్నది. వెళ్లలేకపోయినా పటంలో చూసుకోవడానికి ఒక కోట, ఒక ఊరు ఉంటే చదువు నిలుస్తుంది.

| రాజు | పాలన | గుర్తుంచుకోవలసిన పరాయి ఏలికలు | జీతాల లెక్క | తెలుగు నేలతో ముడి |
|---|---|---|---|---|
| 7వ ఛార్లెస్ | 1422–1461 | ఇంగ్లండు 6వ హెన్రీ, బుర్గుండీ ఫిలిప్ | చాలా తేట | లేదు |
| ఒకటో ఫ్రాన్సిస్ | 1515–1547 | చక్రవర్తి 5వ ఛార్లెస్, ఇంగ్లండు 8వ హెన్రీ, తుర్కీ సులేమాన్ | మసక | లేదు |
| 14వ లూయీ | 1643–1715 | స్పెయిన్ 4వ ఫిలిప్, 2వ ఛార్లెస్, చక్రవర్తి లియోపోల్డ్, ఇంగ్లండు 3వ విలియం | తేట, కానీ విస్తారం | మచిలీపట్నం, గోల్కొండ |
| 15వ లూయీ | 1715–1774 | ప్రష్యా ఫ్రెడరిక్, ఆస్ట్రియా మరియా తెరీసా, ఇంగ్లండు 2వ జార్జ్, రష్యా ఎలిజబెత్ | ఓటమి వల్ల బాగా కనిపిస్తుంది | బొబ్బిలి, చందుర్తి, మచిలీపట్నం |
| నెపోలియన్ | 1804–1814, 1815 | దాదాపు అందరూ | విజయాల వెనుక దాగి ఉంటుంది | హైదరాబాదు రేమండ్ దళం |
| 3వ నెపోలియన్ | 1852–1870 | ఆస్ట్రియా ఫ్రాంజ్ జోసెఫ్, ప్రష్యా విల్హెల్మ్ | ఆధునికం | లేదు |

## 7వ ఛార్లెస్: చిన్న గుమ్మం, లోపల పెద్ద ఇల్లు

తక్కువ పేర్లతో ఎక్కువ అర్థం కావాలనుకునేవారికి ఇదే సరైన చోటు. వరస ఒక్కటి పట్టుకుంటే చాలు. 1420 నాటి ట్రోయ్ ఒప్పందం ప్రకారం ఫ్రాన్సు సింహాసనం ఛార్లెస్‌కు కాకుండా, ఆయన అక్క కేథరిన్‌ను పెళ్లాడబోయే ఇంగ్లండు 5వ హెన్రీకి, అతని సంతానానికి రాసిచ్చారు. రెండేళ్లకు 5వ హెన్రీ, ఛార్లెస్ తండ్రి ఇద్దరూ పోయారు. ఏడాది కూడా నిండని 6వ హెన్రీ పేరు మీద ఇంగ్లీషువారు ఫ్రాన్సును అడిగారు. అంటే ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య సాగిన వందేళ్ల యుద్ధం చివరి అంకం మేనమామకూ మేనల్లుడికీ మధ్య జరిగిన ఆస్తి తగాదా.

అందరికీ తెలిసిన కథ ఫ్రెంచి సేనను ముందుండి నడిపిన పల్లెపిల్ల జోన్ ఆఫ్ ఆర్క్‌ది. 1429 మే 8న ఓర్లియాన్ ముట్టడి వీడింది, జూలై 17న రాన్స్ నగరంలో ఛార్లెస్‌కు పట్టాభిషేకం జరిగింది, 1431 మే 30న రూవాన్‌లో ఆమెను కాల్చి చంపారు. ఆ అమ్మాయి గురించి చదివితే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది. అయితే యుద్ధం ముగిసింది ఆమె పోయిన 22 ఏళ్లకు. ఈ మధ్యకాలంలో జరిగిన పనే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది.

1444లో సంధి కుదరగానే పని లేని సైనికులు ఊళ్ల మీద పడ్డారు. జనం వారిని 'తోలు ఒలిచేవాళ్లు' అని పిలిచేవారు. 1445లో ఛార్లెస్ వారిలో పనికొచ్చేవారిని ఏరి, మిగిలినవారిని ఇళ్లకు పంపి, జీతం మీద ఉండే 15 దళాలను ఏర్పరిచాడు. దళానికి 100 బల్లేలు. బల్లెం అంటే ఆయుధం ఒక్కటే కాదు, ఒక కవచధారి, ఇద్దరు విలుకాండ్రు, ఒక కత్తివాడు, ఇద్దరు పరిచారకులు కలిసిన ఆరుగురి జట్టు. ఈ 9 వేల మందికీ యుద్ధం ఉన్నా లేకున్నా జీతం అందేది. దాని కోసం 'తాయ్' అనే పన్ను ఏటేటా వసూలైంది. బ్యూరో సోదరులు ఫిరంగులను సిద్ధం చేశారు. 1453 జూలై 17న కాస్తియోఁ దగ్గర ఇంగ్లీషు సేనాని టాల్బట్ ఆ ఫిరంగుల మీదికే నడిచి చనిపోయాడు. రాజుకు సొంత సైన్యం, ఆ సైన్యానికి శాశ్వతమైన పన్ను. ఫ్రాన్సులో తరువాతి మూడు వందల ఏళ్ల యుద్ధాలకు పునాది ఇక్కడే పడింది.

లోటు ఒకటుంది. ఇంగ్లండు, బుర్గుండీ తప్ప మిగతా ఐరోపా ఇందులో పెద్దగా కనిపించదు. ఐరోపా రాజకీయమంతా ఒకేసారి చూడాలనే ఆత్రం ఉన్నవారికి ఇది ఇరుకనిపిస్తుంది.

## ఒకటో ఫ్రాన్సిస్: కథ కోసం అయితే సరే

కథలంటే ఇష్టపడేవారు ఈయనను ఎంచుకోవచ్చు. గద్దెనెక్కిన ఏడాదే, 1515 సెప్టెంబరులో మారిన్యానో దగ్గర రెండు రోజులు పోరాడి, ఓటమి ఎరుగరని పేరున్న స్విస్ పదాతిని ఓడించాడు. ముసలి లియొనార్డో డా విన్చీని ఆదరించి ఆంబ్వాజ్‌లో ఇల్లిచ్చాడు. 1525 ఫిబ్రవరి 24న, చక్రవర్తి ఛార్లెస్ పుట్టినరోజు నాడే, పావియాలో అతని సేనలకు చిక్కాడు. తన ఇద్దరు కొడుకులను బదులుగా అప్పగించి బయటపడ్డాడు. ఆ పిల్లలను విడిపించడానికి 1529 ఒప్పందం ప్రకారం 20 లక్షల ఎక్యూలు (ఫ్రెంచి బంగారు నాణేలు) చెల్లించవలసి వచ్చింది. ఆ ఒప్పందం కుదిర్చినది ఇద్దరు ఆడవాళ్లు: ఫ్రాన్సిస్ తల్లి లూయీజ్, ఛార్లెస్ మేనత్త మార్గరెట్. మరుసటి ఏడాది ఫ్రాన్సిస్ ఛార్లెస్ అక్కను పెళ్లాడాడు. బావ, బావమరిది అయ్యాక కూడా యుద్ధాలు ఆగలేదు. 1543–44 చలికాలంలో ఫ్రాన్సిస్ తన తూలోన్ రేవును తుర్కీ సుల్తాను సులేమాన్ నౌకాదళానికి విడిదిగా ఇచ్చాడు.

ఇంత రసవత్తరమైన కాలాన్ని మొదటి ఎంపికగా నేనెందుకు చెప్పడం లేదంటే, ఇటలీలోని మిలాన్, వెనిస్, ఫ్లోరెన్స్, పోపు రాజకీయాలు తెలియకపోతే సగం కథ చేజారుతుంది. కిరాయి సైన్యాలు, బ్యాంకర్ల అప్పులు, ఊడిపోయే పొత్తులు కలగలిసి డబ్బు లెక్క తెగదు. రెండో పుస్తకంగా చదవండి.

## 14వ లూయీ: ఓపిక ఉన్నవారికి

72 ఏళ్ల పాలన. నాలుగు పెద్ద యుద్ధాలు. మొత్తం ఒకేసారి చదవబోతే అలసిపోతారు. మళ్లీ వరసే ఇక్కడ మనల్ని గట్టెక్కిస్తుంది.

14వ లూయీ తల్లి ఆన్, స్పెయిన్ రాజు 4వ ఫిలిప్ అక్క. 1660లో లూయీ పెళ్లాడిన మరియా తెరీసా ఆ ఫిలిప్ కూతురే. అచ్చమైన మేనరికం. పెళ్లి ఒప్పందంలో ఆమె స్పెయిన్ ఆస్తిపై హక్కు వదులుకుంది. అందుకు బదులుగా 5 లక్షల బంగారు ఎక్యూల కట్నం ఇస్తామన్నారు. ఖజానా ఖాళీగా ఉన్న స్పెయిన్ దాన్ని చెల్లించలేదు. కట్నం రాలేదు కాబట్టి హక్కు వదులుకోవడం చెల్లదని ఫ్రాన్సు వాదించింది. మామగారు పోయాక 1667లో ఆ వాదనతోనే, ఇప్పటి బెల్జియం ప్రాంతంలోకి సైన్యం నడిచింది. లూయీకి జీవితాంతం పోటీగా నిలిచిన చక్రవర్తి లియోపోల్డ్ ఎవరు? లూయీ పిన్ని కొడుకు. ఆయన పెళ్లాడినది మరియా తెరీసా చెల్లెలిని. వరసకు తమ్ముడు, తోడల్లుడు కూడా. సంతానం లేని స్పెయిన్ 2వ ఛార్లెస్ 1700 నవంబరు 1న కన్నుమూయగానే, ఈ తోడల్లుళ్ల కుటుంబాలు 1701 నుంచి 1714 వరకు ఐరోపానంతా యుద్ధంలోకి లాగాయి. వేయి పేజీల దౌత్య చరిత్రకు ఇది వెన్నెముక. దీన్ని ఒక కాగితం మీద గీసుకుని పుస్తకంలో పెట్టుకోండి.

సైన్యం సంగతికి వస్తే, ఈ కాలంలో చూడవలసినవారు సేనానుల కన్నా గుమాస్తాలు, ఇంజనీర్లు. యుద్ధ మంత్రులు ల టెల్యే, అతని కొడుకు లూవ్వా సైన్యానికి కావలసిన ధాన్యాన్ని సరిహద్దు గిడ్డంగుల్లో ముందే నిల్వ చేయించారు. అందువల్ల శత్రువు ఇంకా విడిదిలో ఉండగానే ఫ్రెంచి దండు కదిలేది. 1690లలో కాగితం మీద సైన్యం 4 లక్షలకు చేరింది. దేశ జనాభా సుమారు 2 కోట్లు. దీన్ని పోషించడానికి రాజు 1689లో వెర్సాయ్‌లోని వెండి సామగ్రినంతా కరిగించి నాణేలు చేయించాడు. 1695లో, మళ్లీ 1710లో, కులీనుల మీద కూడా పడే కొత్త పన్నులు వేశాడు.

కోటల ఇంజనీరు వోబాన్ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు సాగలేను. 1673లో మాస్త్రిక్ట్ ముట్టడిలో, కోటకు సమాంతరంగా కందకాలు తవ్వుతూ దగ్గరకు జరిగే పద్ధతిని ఆయన అమలుచేశాడు. సైనికుల ప్రాణాలు కాపాడడమే ఆయన పట్టుదల. చెమట ఎక్కువ కారితే నెత్తురు తక్కువ కారుతుందన్నది ఆయన పద్ధతి సారం. జీవితం చివర్లో, పేదల మీద పన్నుల భారం చూసి, అందరూ సమానంగా పన్ను కట్టాలని ఒక పుస్తకం రాశాడు. 1707లో దాన్ని నిషేధించారు, అదే ఏడు ఆయన చనిపోయాడు. ఆయన కోటల్లో 12 చోట్లను 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నేల మీద ఏం మిగిలిందన్న కొలమానంలో ఈ కాలానికి సాటి లేదు. నఫ్-బ్రిజాక్ ఊరిని ఉపగ్రహ పటంలో చూడండి. నక్షత్రం ఆకారం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

మనకు తగిలే చోటు కూడా ఉంది. గోల్కొండ సుల్తాను అనుమతితో 1669లో మచిలీపట్నంలో ఫ్రెంచి వర్తక స్థావరం వెలిసింది. 1672లో హాలండుతో యుద్ధం మొదలైన ఏడాదే, ఫ్రెంచి నౌకాదళం గోల్కొండ ఏలుబడిలోని శాంథోమ్‌ను, అంటే నేటి చెన్నై మైలాపూరును, పట్టుకుంది. గోల్కొండ సేనలు, డచ్చివారు కలిసి రెండేళ్లు ముట్టడించి 1674లో వెళ్లగొట్టారు. ఐరోపా యుద్ధాల గురించి మనం చదివేటప్పుడు తానీషా పేరు తగలడం ఎంత ఆశ్చర్యం!

## 15వ లూయీ: ఓడిన రాజు, తెరిచిన పుస్తకం

నా మొదటి ఓటు ఈయనకే. గొప్ప రాజని కాదు. 1745లో ఫోంతెన్వా దగ్గర స్వయంగా నిలబడి తన సేనాని మోరిస్ ద సాక్స్ గెలుపు చూసినా, 1748 సంధిలో గెలిచిన నేలంతా తిరిగిచ్చేసినవాడు. ఫ్రెంచి నౌకాదళం పట్టుకున్న మద్రాసు కూడా అలాగే ఇంగ్లీషువారికి తిరిగి వెళ్లింది. 1756లో ఫ్రాన్సు తన పాత శత్రువు ఆస్ట్రియాతోనే పొత్తు కట్టింది. ఆస్ట్రియా ఏలిక మరియా తెరీసాకు (14వ లూయీ భార్య కాదు, అదే పేరున్న మరొకామె) కావలసింది ప్రష్యా రాజు ఫ్రెడరిక్ నుంచి సైలీషియా ప్రాంతం. ఫ్రాన్సుకు అందులో దక్కేది తక్కువ. అయినా జర్మనీలో ఒక యుద్ధం, కెనడాలో, కరీబియన్‌లో, బెంగాల్లో, కర్ణాటకంలో, మన సర్కారు జిల్లాల్లో మరికొన్ని, అన్నీ ఒకే ఖజానా మీద పడ్డాయి.

ఆ ఖజానా స్థితి ఏమిటి? ఇంగ్లండుకు 1694 నుంచి జాతీయ బ్యాంకు ఉంది, పార్లమెంటు హామీతో తక్కువ వడ్డీకి అప్పు పుట్టేది. ఫ్రాన్సుకు అలాంటిది లేదు. ఎక్కువ వడ్డీ కట్టింది. కాబట్టి దూరాన ఉన్న సేనానులు తమ సైనికుల జీతం తామే వెతుక్కోవలసి వచ్చింది. ఈ ఒక్క వాక్యం అర్థమైతే బొబ్బిలి అర్థమవుతుంది.

ఫ్రెంచి సేనాని బుస్సీ, మనవాళ్ల నోట మూసా బూసీ, 1751లో సలాబత్ జంగ్‌ను దక్కను గద్దెనెక్కించాడు. ఆయన కింద కొన్ని వందల మంది ఐరోపా సైనికులు, కొన్ని వేల మంది సిపాయిలు ఉండేవారు. వారి జీతాల కోసం 1753లో నిజాము ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారుల రాబడిని రాసిచ్చాడు. రాసివ్వడం తేలిక, జమీందారుల నుంచి శిస్తు రాబట్టడం కష్టం. వసూలుకు బుస్సీ దండుతో కదిలాడు. విజయనగరం విజయరామరాజు ఆయన పక్కన చేరాడు. పాత పగతో ఆయన బొబ్బిలి వైపు వేలు చూపించాడు. 1757 జనవరి 24న పరాసుల, అంటే ఫ్రెంచివారి, ఫిరంగుల ముందు రంగారాయుడి కోట కూలింది. కోటలోని ఆడవాళ్లను, పిల్లలను శత్రువు చేతికి చిక్కనీయకుండా తమవారే చంపుకున్నారు. తాండ్ర పాపారాయుడు కొద్ది రోజుల్లోనే రాత్రి వేళ విడిదిలో చొరబడి విజయరామరాజును పొడిచాడు. మనం దీన్ని వీరగాథగా వింటూ పెరిగాం, వింటూనే ఉండాలి. దానితోపాటు, ఆ ఫిరంగులు బొబ్బిలి దాకా రావడానికి కారణం సిపాయిల జీతం బాకీ అన్నది కూడా తెలిస్తే, ఆ గాథ ఇంకా లోతుగా తాకుతుంది.

ఒక్క 1757ను మాత్రమే తీసుకుని కాగితం మీద వరుసగా రాయండి. జనవరి 5న వెర్సాయ్‌లో 15వ లూయీని ఒకడు కత్తితో పొడిచాడు, గాయం చిన్నది. 24న బొబ్బిలి. మార్చిలో చందన్‌నగర్ ఇంగ్లీషువారి పాలైంది. జూన్ 23న ప్లాసీ. అదే నెలలో బుస్సీ విశాఖపట్నంలోని ఇంగ్లీషు స్థావరాన్ని పట్టుకున్నాడు. నవంబరు 5న రాస్‌బాఖ్ దగ్గర ఫ్రెడరిక్ 22 వేల మందితో, దాదాపు రెట్టింపు ఉన్న ఫ్రెంచి, జర్మన్ సామ్రాజ్య సేనలను రెండు గంటల లోపే చెదరగొట్టాడు. బొబ్బిలి, ప్లాసీ, రాస్‌బాఖ్ ఒకే సంవత్సరం, ఒకే యుద్ధకాలం. ఏ బడిలోనూ మాకు వీటిని ఒకే పలక మీద రాసి చూపించలేదు.

మిగతాది వేగంగా జారింది. 1758లో ఫ్రెంచి సేనాధిపతిగా వచ్చిన లాలీ, బుస్సీని హైదరాబాదు నుంచి వెనక్కి పిలిచాడు. విజయనగరం ఆనంద గజపతిరాజు ఈసారి ఇంగ్లీషువారిని పిలిచాడు. డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచి సేనను ఓడించాడు, 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోటను ఎక్కాడు. అదే ఏడు క్విబెక్ పోయింది, నవంబరులో కిబెరాన్ దగ్గర నౌకాదళం ధ్వంసమైంది. జీతాలు అందక లాలీ సైనికులు తిరగబడ్డారు. 1760 జనవరి 22న వందవాసిలో ఓటమి, మరుసటి జనవరిలో పుదుచ్చేరి పతనం. లాలీని 1766లో పారిస్‌లో తల నరికి చంపారు. 1763 ఫిబ్రవరి 10 సంధి తరువాత మన తీరంలో పరాసులకు మిగిలింది యానాం లాంటి చిన్న వర్తక స్థావరాలే. యానాంలో ఆ మిగులు 1954 దాకా ఉంది.

ఈ ఓటమి తరువాత జరిగినదే అసలు సంగతి. 1765 నుంచి ఫ్రెంచి సేనాని గ్రిబోవాల్ ఫిరంగులను తేలిక చేసి, కొలతలు ఒక్కటి చేసి, విడిభాగాలు ఒకదానికొకటి అమరేలా తయారుచేయించాడు. 1751లో 15వ లూయీ పేద కులీనుల పిల్లల కోసం పారిస్‌లో స్థాపించిన సైనిక పాఠశాలలో 1784లో కోర్సికా నుంచి వచ్చిన ఒక కుర్రవాడు చేరాడు. పేరు నెపోలియన్. ఆయన గెలిచినది రాస్‌బాఖ్ ఓటమి నేర్పిన ఫిరంగులతో.

## నెపోలియన్: అందరూ తట్టే తలుపు

ఎక్కువ పుస్తకాలు, ఎక్కువ పటాలు దొరికేది ఈయన గురించే. కేవలం యుద్ధకళ, అంటే దండు ఎలా కదిలింది, ఎక్కడ విరుచుకుపడింది అన్నదే మీ ఆసక్తి అయితే సందేహం లేకుండా ఇదే. 1805 డిసెంబరు 2న ఆస్టర్లిట్జ్‌లో ఆస్ట్రియా ఫ్రాన్సిస్, రష్యా అలెగ్జాండర్ ఇద్దరినీ ఒక్కరోజులో ఓడించిన తీరు ఎన్నిసార్లు చదివినా కొత్తగానే ఉంటుంది. తనంతట తాను ఒక రోజు పోరాడగల చిన్న సైన్యాలుగా దండును విడదీసి, వేర్వేరు దారుల్లో నడిపి, యుద్ధం నాటికి ఒకచోట చేర్చడం ఆయన పద్ధతి.

ఇబ్బంది ఏమిటంటే ఆ వెలుగులో మిగతావి కనపడవు. 1793 ఆగస్టు 23న విప్లవ ప్రభుత్వం దేశమంతటినీ సైన్యంలోకి పిలవడం, 1798 నాటి నిర్బంధ సైనిక సేవ చట్టం, ఓడిన రాజ్యాల మీద విధించిన పరిహారాలు, 1803లో అమెరికాకు అమ్మిన లూసియానా, ఇవన్నీ జీతాల లెక్కలు. చరిత్రకారులు వీటిని తరచు వేరే అధ్యాయంలో పెడతారు.

వరసలు మాత్రం పండగే. 1810లో ఆస్ట్రియా చక్రవర్తి కూతురు మరీ లూయీజ్‌ను పెళ్లాడాడు. మూడేళ్లకు ఆ మామగారు కూడా శత్రువుల వైపు చేరాడు. అన్న జోసెఫ్‌ను స్పెయిన్‌కు, చెల్లెలి భర్త మ్యురాను నేపుల్స్‌కు రాజులను చేశాడు. జోసెఫ్ తోడల్లుడు బెర్నడాట్ స్వీడన్ యువరాజై, 1813లో లైప్‌జిగ్ దగ్గర నెపోలియన్ మీదే యుద్ధం చేశాడు.

హైదరాబాదు పాఠకులకు ఒక చిన్న దారి: నిజాము కొలువులో ఫ్రెంచి పద్ధతిలో పటాలాలు నడిపిన రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. ఆ జూలైలో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. అక్టోబరులో ఇంగ్లీషువారు ఆ పటాలాలను నిరాయుధం చేయించారు. మూసారాంబాగ్ పేరులో ఉన్నది ఆ మూసా రేమండే.

## 3వ నెపోలియన్

ఫొటోలు, రైళ్లు, టెలిగ్రాఫు ఉన్న యుద్ధాలు కావాలనుకునేవారికి మాత్రమే. 1859 జూన్ 24న సోల్ఫెరీనోలో గెలిచాడు. అక్కడి క్షతగాత్రుల ఆక్రందనే రెడ్‌క్రాస్ పుట్టుకకు కారణం. 1870 సెప్టెంబరు 2న సెడాన్‌లో స్వయంగా లొంగిపోయాడు. 1871 జనవరి 18న జర్మన్ చక్రవర్తి ప్రకటన వెర్సాయ్ అద్దాల మందిరంలోనే జరిగింది. రెండు ప్రపంచ యుద్ధాల వైపు వెళ్లాలనుకుంటే ఇక్కడ ఎక్కండి.

## ఎవరికి ఏది

పోటీ పరీక్షలకు ఐరోపా చరిత్ర చదువుతున్నవారు 15వ లూయీతో మొదలుపెట్టి నేరుగా విప్లవానికి, నెపోలియన్‌కు వెళ్లండి. సప్తవర్ష సంగ్రామపు (1756–63) అప్పులు, అమెరికా స్వాతంత్ర్య యుద్ధపు అప్పులు, 1789 విప్లవం. ఈ గొలుసు ఒక్కటి పట్టుబడితే సగం జవాబులు వాటంతట అవే వస్తాయి. ఆంధ్ర చరిత్రలో ఉత్తర సర్కారుల అధ్యాయం కూడా అదనంగా కలిసివస్తుంది.

ఇంట్లో పిల్లలకు చెప్పాలనుకునేవారికి 7వ ఛార్లెస్. జోన్ ఆఫ్ ఆర్క్ కథలో పదహారు, పదిహేడేళ్ల అమ్మాయి ఉంది, పేర్లు తక్కువ. ఆమె మరణం దగ్గర ఆపకుండా 1453 దాకా చెప్పండి.

ఫ్రాన్సులో చదువుకుంటున్నవారు, అక్కడికి ఉద్యోగం మీద వెళ్లినవారు 14వ లూయీని వదలకండి. లీల్, బెజాన్సోఁ, బ్రియాన్సోఁ, ఎటు వెళ్లినా వోబాన్ గోడలు కనిపిస్తాయి. సెలవు రోజు పాదాల కింద చరిత్ర ఉంటుంది. పారిస్‌లోని అన్వలీద్‌ను క్షతగాత్రులైన సైనికుల కోసం కట్టించినది కూడా ఈయనే, 1670 ఆదేశంతో. దాని గుమ్మటం కింద నెపోలియన్ సమాధి, వోబాన్ గుండె రెండూ ఉన్నాయి.

యుద్ధ వ్యూహాల ఆటలు ఆడేవారు, పటాలంటే ప్రాణం పెట్టేవారు నెపోలియన్ దగ్గరకే వెళతారు, ఎవరు ఆపినా ఆగరు. వారికి ఒక్క విన్నపం: ఆస్టర్లిట్జ్ తరువాత పుస్తకం మూసి రాస్‌బాఖ్ యుద్ధం చదవండి. రెండు పటాలనూ పక్కపక్కన పెట్టుకోండి.

15వ లూయీనే ఎంచుకుంటే, మొదటి పది రోజులకు ఇలా చేయవచ్చు. మొదటి రోజు 1757 కాలపట్టిక రాసుకోండి. తరువాత మూడు రోజులు బొబ్బిలి, చందుర్తి, మచిలీపట్నం. మనకు తెలిసిన నేల కాబట్టి త్వరగా సాగుతుంది. ఆ తరువాత రాస్‌బాఖ్, క్విబెక్, కిబెరాన్. చివరి మూడు రోజులు వెనక్కి నడిచి 1748 సంధి, ముందుకు నడిచి గ్రిబోవాల్ ఫిరంగులు. వీలైతే ఈ మధ్యలో ఒక ఆదివారం బొబ్బిలి వెళ్లి యుద్ధ స్మారక స్తంభం దగ్గర కాసేపు నిలబడి రండి.